పిలుపునకు ముందే చూపు

గృహమునందలి వస్తువులన్నియు గృహస్థుల సౌఖ్యము కొరకే ఏర్పడినవనుట సామాన్యముగా సత్యమే యైనను, మన తెలుగు ఇండ్లలో చిరకాలముగా ఒకటి మాత్రము ఇంటివారి కొరకు గాక ఇంటివారు కానివారి కొరకు కట్టబడుచు వచ్చినది, అదియే వీధియరుగు. ఎండనబడి వచ్చిన బాటసారి దానిమీద మూట దించి చెంబెడు నీళ్లడుగును. వాన కురిసినచో మేకలకాపరి తన మేకలతో సహా దాని చూరుక్రిందికి చేరును. సాయంకాలమున ప్రక్కవీధి వృద్ధులు వచ్చి, ఇంటి యజమాని ఊరిలో ఉన్నాడా లేడా యను విచారణయైన లేకుండ, దానిమీద దేశరాజకీయములను పరిష్కరింతురు. దానిమీద కూర్చుండుటకు అనుమతి అడుగవలెనని ఎవ్వరికిని తోచదు. అడిగినచో ఇంటివారే చిన్నబుచ్చుకొందురు. విద్యుచ్ఛక్తి వచ్చిన పిమ్మట ఈ యరుగునకు తోడుగా ఇట్టిదే రెండవ వస్తువొకటి గోడమీద వెలసెను. అది పిలుపుగంట మీట. ఇంటివాడు తన ఇంటి మీటను తాను నొక్కవలసిన అగత్యము తాళపుచెవి మరచిన దినమున తప్ప కలుగదు. దాని వెల మనము చెల్లించితిమి, అది కాల్చు కరెంటునకు బిల్లు మనమే కట్టుచున్నాము. దానిని ఉపయోగించు అధికారము మాత్రము వీధిలోని వానిది.

ఈ రెంటిలో మొదటిది ఇంచుమించుగా నశించినది. రెండవది నశింపలేదు గాని, కెమెరా తొడిగికొని, ఫోనుతో చుట్టరికము కలుపుకొని, యజమానిని మార్చుకొనుచున్నది. ఈ వీడియో గంట విషయమున ఆలోచింపదగినది దాని వెలయు గాదు, దాని చిత్రపు స్పష్టతయు గాదు, ఈ యాజమాన్యపు మార్పే యని నా యభిప్రాయము.

మా జహీరాబాదు హైదరాబాదునుండి బొంబాయికి పోవు రాజమార్గముమీద, నూరు కిలోమీటర్లకు పైబడిన దూరమున, కన్నడ దేశపు పొలిమేరను ఆనుకొని యున్న పట్టణము. బీదరు కోట ఇక్కడికి చేరువ యగుటచేత మా వీధిలో ఒక్క ఉదయమున తెలుగు, ఉర్దూ, కన్నడము, మరాఠీ నాలుగును వినవచ్చును. కూరగాయల బేరము ఒక భాషలో మొదలై మరియొక భాషలో తెగుట ఇచ్చట ఎవ్వరికిని వింత కాదు. చెరకు బండ్లు పోవు ఈ ఊరికి ట్రాక్టర్ల కర్మాగారము వచ్చినది. దానితో ఎక్కడెక్కడి ప్రాంతములనుండియో వచ్చి అద్దెకుండువారును వచ్చిరి. పాత వీధులలోని రాతిగోడల యిండ్లకు మునుపు అరుగులుండెడివి. వానిలో కొన్ని వీధి వెడల్పు చేయుటలో పోయినవి, కొన్ని మోటారుసైకిలు ఎక్కించుటకు ఏటవాలు గచ్చులైనవి, మిగిలినవానికి ఇనుప చువ్వలు వచ్చినవి.

గంట లేని కాలమున ఈ గడపలవద్ద మనుష్యుని గొంతే వాని రాకను తెలిపెడిది. ఆ పిలుపులో వాని పని, వాని వయస్సు, ఆ యింటితో వానికి గల చనువు మూడును ఒక్కసారిగా తెలిసిపోవును. 'ఓ పెద్దమ్మా' అని సాగదీసి పిలిచినచో జొన్నలు తెచ్చిన పల్లెటూరి ముసలమ్మ, 'అమ్మా, ఉన్నరా?' యని సగములో ఆగినచో వీధి చివరి అయ్యగారి కోడలు. గొంతు లేక సన్నాయి మాత్రము వినిపించినచో గంగిరెద్దు. గురువారము నాడు గొంతుకంటె ముందుగా సాంబ్రాణి పొగ లోనికి వచ్చినచో నెమలికుంచె ఫకీరు. పస్తాపూరు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘముల స్త్రీలు, అందును ముఖ్యముగా దళిత స్త్రీలు, మాచునూరులో 2008వ సంవత్సరమున సంఘం రేడియోను ఆరంభించి, నాగలి పట్టినవారి గొంతును ఆకాశమున కెక్కించినదియు ఈ ప్రాంతమే. గొంతునకు ఇచ్చట గల గౌరవమునకు అదియు నొక నిదర్శనమని నే ననుకొందును.

ఇక మా వీధిలో సగమిండ్లు ముస్లిములవి. వాని గుమ్మములకు తలుపు తెరచి యున్నను పర్దా వ్రేలాడుచుండును. వచ్చినవాడు ఆ పర్దాకు ఎదురుగా నిలువడు. ప్రక్కకు ఒదిగి, గోడవైపు మొగము త్రిప్పి, సలాము చేసి, బదులు కొరకు వేచియుండును. పరుల గృహములలోనికి అనుమతి పొంది, సలాము పలికి, పిమ్మటనే అడుగిడవలెననియు, మరలిపొమ్మన్నచో మరలిపోవలెననియు ఖురానునందలి నూర్ అధ్యాయము విధించుచున్నది. మూడుమారులు అడిగి బదులు రానిచో వెనుదిరుగుటయు, తలుపునకు సూటిగా గాక ప్రక్కగా నిలుచుటయు ప్రవక్త చూపిన మర్యాదలుగా వారు పాటింతురు. తెలుగు ఇండ్లలో ఇట్టి విధి వ్రాతలో లేకున్నను ఆచారములో నుండెను. వాకిట నిలిచి పిలుచునే గాని, లోపలినుండి మాట రాకముందు కిటికీలో తొంగిచూచిన వానిని మా పెద్దలు మనిషిగా లెక్కించెడివారు కారు. రెండు సంప్రదాయములలోను క్రమమొక్కటే: ముందు మాట, పిమ్మట అనుమతి, అటుపిమ్మట చూపు.

విద్యుద్ఘంట ఈ క్రమమును చెరుపలేదు. 1817 ప్రాంతమున విలియం మర్డాక్ అను యంత్రవేత్త బర్మింగుహాము చెంతనున్న తన యింట గొట్టములలో అదిమిన గాలితో మ్రోగు గంట నమర్చెననియు, 1831లో అమెరికాలోని ఆల్బనీ పట్టణమున జోసెఫ్ హెన్రీ యను ఉపాధ్యాయుడు మైలుకు మించిన తీగను గది చుట్టును త్రిప్పి, దాని కొసనున్న విద్యుదయస్కాంతముచే గంట కొట్టించెననియు చరిత్ర చెప్పుచున్నది. వారికంటె రెండు శతాబ్దములు ముందుగా, 1605లో సింహాసనమెక్కిన జహంగీరు, ఆగ్రాకోటనుండి యమునాతీరమునందలి రాతిస్తంభము వరకు అరువది గంటలు గల బంగారు గొలుసు కట్టించుట తన మొదటి యాజ్ఞ యని ఆత్మకథయందు వ్రాసికొనెను. ఆ గొలుసును ఎందరు లాగిరో నాకు పట్టింపు లేదు గాని, దాని కట్టడములోని భావము నాకు నచ్చును: లాగువాడు వెలుపలివాడు, లేవవలసినవాడు లోపలివాడు.

గంట చేసిన మరియొక మేలును మనము గుర్తింపలేదు. గొంతు కాలమున అప్పులవాని గొంతు విని 'లేరని చెప్పు' మనినవారు లేకపోలేదు. గొంతును బట్టి లేచుటయు, లేవకుండుటయు ఎల్లప్పుడు నుండినదే. గంట ఆ భేదమును తుడిచివేసెను. తహసీల్దారు నొక్కినను డింగ్ డాంగ్, కొత్తిమీర అమ్మునామె నొక్కినను డింగ్ డాంగ్. వచ్చినదెవరో తెలియవలెనన్నచో లేచి గొళ్లెము తీయవలసినదే. తీసిన పిదప వచ్చినవాడెవ్వడైనను ఎదుట నిలిచిన మనుష్యుని మొగముమీద తలుపు వేయుట అందరికిని అంత సులభము గాదు. 2014 ఆగస్టు 19వ తేదీన సమగ్ర కుటుంబ సర్వే జరిగినప్పుడు తెలంగాణమంతయు బండ్లు, బజారులు మాని, తలుపులు తెరచి, లోపల కూర్చుండి, పేరు తెలియని గణకుని కొరకు ఎదురుచూచినది. గంటలకు ఆనాడు పని లేదు. అట్టి దినము మరల వచ్చునని నే నాశింపను గాని, నా దృష్టిలో అదియొక అపూర్వమైన దినము.

ఇంతవరకు చదివినవారు నేను కెమెరా గంటను ఖండించుటకు పూనుకొంటినని తలపవచ్చును. కాదు. ఈ యంత్రపు పుట్టుక తెలిసినవాడెవ్వడును దానిని తేలికగా ఖండింపలేడు. న్యూయార్కు నగరపు క్వీన్సు ప్రాంతమున మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అను నల్లజాతి నర్సు ఉండెను. ఆమె భర్త ఆల్బర్టు ఎలక్ట్రానిక్సు పనివాడు. ఇద్దరి పనివేళలును వేరగుటచే ఆమె అకాలములందు ఇంట ఒంటరిగా నుండవలసి వచ్చెడిది. ఆ వాడలో పిలిచినను పోలీసులు వేగముగా వచ్చువారు కారు. అప్పుడామె భర్త సాయముతో కల్పించిన యంత్రమునకు తలుపులో ఒకదానిపై నొకటిగా నాలుగు రంధ్రములు, పొడవైనవాడు, పొట్టివాడు, పిల్లవాడు ఎవడు వచ్చినను మొగము కనబడునట్లు వాని వెనుక పైకిని క్రిందికిని జరుగు కెమెరా, పడకగదిలో తెర, మాటలాడుటకు మైకు, మంచముమీదినుండియే గడియ తీయుటకొక మీట, భయము కలిగినచో నొక్కుటకు మరియొక మీట. 1966లో దరఖాస్తు చేయగా 1969 డిసెంబరు 2వ తేదీన వారికి పేటెంటు లభించెను. నేడు మనము అట్టపెట్టెలో కొనితెచ్చు గంటలోని ముఖ్యాంశములన్నియు అందు గలవు. అర్ధరాత్రి తలుపు తట్టిన చప్పుడునకు లేచి, తీయుదునా మానుదునా యని గడియమీద చేయి వేసి నిలిచిన స్త్రీ బుద్ధిలోనుండి అది పుట్టినది. జహీరాబాదులో బిడ్డలు పుణెకో, హైదరాబాదుకో, సముద్రములకు ఆవలికో పోగా, మోకాళ్లనొప్పులతో ఇద్దరో ఒక్కరో మిగిలిన యిండ్లెన్ని లేవు! అట్టివారికి లేవకుండ వచ్చినవానిని చూచు ఉపాయము విలాసము గాదు.

మా యింటికిని అది అట్లే వచ్చినది. డల్లాసునందున్న మా అమ్మాయి, తల్లి మాటిమాటికి లేచి గుమ్మము వరకు నడువలేకున్నదని, అచటనే కొని పంపినది. దాని బిగింపులో నేను నేర్చిన విషయములు కొన్ని గలవు. అవి ఇట్టి గంటను విదేశమునుండి తెచ్చుకొనువారికి పనికివచ్చును గనుక కొంత విస్తరింతును.

అమెరికా ఇండ్ల గోడలలో పారు కరెంటు 120 వోల్టులు. అదియే మనదానిలో ఇంచుమించు సగము గదా. ఐనను గుమ్మపు గంటకు దానినైనను వారు నేరుగా పంపరు. ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు దానిని 16 వోల్టులకో 24 వోల్టులకో దించి, చేతితో ముట్టినను ప్రమాదము లేనంత మెత్తబరచి, పిమ్మట వీధిలోనికి పంపును. మన యిండ్లలో నిండు 230 వోల్టులను ఏ తగ్గింపును లేకుండ వీధిగోడ మీటలోనికి తెచ్చి, దానిపై గోరంత ప్లాస్టికు బొత్తాము బిగించి, వానలో తడిసిన పాలబ్బాయిని వచ్చి నొక్కుమనుచున్నాము. పరుల కొరకని మన గోడమీద మిగిలిన ఒక్కగానొక్క వస్తువును మనము ఇంత నిర్లక్ష్యముగా అమర్చుకొంటిమి. పాత మీట పగిలి లోపలి ఇత్తడి కనబడుచున్న గుమ్మములు మా వీధిలోనే గలవు.

కరెంటు మిస్త్రీ మా ప్రక్కవీధి యువకుడు. పాత మీట విప్పి, టెస్టరు గుచ్చి, దానిలో దీపము వెలుగుట చూచి, నావైపు తిరిగి, "సార్, గీ వైర్ల నేరుగ రెండు వందల ముప్పై ఉన్నది. మీ డబ్బ మీద ఇరువై నాలుగని రాసుంది. గిట్లనే జోడిస్తె ఫట్టుమంటది" అనెను. అట్లు జోడించి క్రొత్త గంటను మొదటి నిమిషముననే బూడిద చేసికొన్నవారి కథలు అతడొకటి రెండు చెప్పెను. కావలసినది 230ని 24 చేయు ట్రాన్స్‌ఫార్మరు. వోల్టు సరిపోయినంత మాత్రమున చాలదు. గంటమీద వ్రాసిన శక్తి, సాధారణముగా 10 నుండి 40 వోల్టు ఆంపియర్ల వరకు, దానికి ఉండవలెను. మా ఊరి యంగళ్లలో దొరకకపోగా హైదరాబాదు ట్రూప్ బజారునుండి తెప్పించితిమి. దానిని లోపలి గోడమీద స్విచ్చిబోర్డు ప్రక్కన బిగించి, మెయిను ఆపి, పాత పైపులోని జంటతీగను 230 నుండి పూర్తిగా విడదీసి, ట్రాన్స్‌ఫార్మరు తక్కువవైపు కొసలకు కలుపవలెను. అదే పైపులో వసారా దీపమునకు పోవు ఫేజు తీగయు నుండెను. ఎక్కువ వోల్టుల తీగయు తక్కువ వోల్టుల తీగయు ఒకే పైపులో పోరాదని మిస్త్రీ దానిని లాగివేసి, దీపమునకు వేరు దారి చూపెను. పొడవును తలచుకొనవలసిన విషయమే. సన్నని తీగ దారిలో రెండు వోల్టులు మ్రింగినచో 230లో అది లెక్కకు రాదు. 16లో అది ఎనిమిదవ వంతు, గంట సగము నిద్రలో నుండును.

అమెరికావారి యేర్పాటులో మరియొక నేర్పు నన్ను ముగ్ధుని జేసెను. అక్కడ కెమెరాయు, లోపలి మ్రోగుపెట్టెయు ఒకే తీగమీద ఒకదాని వెంట నొకటిగా నుండును. కెమెరా రేయింబవళ్లు మేలుకొని యుండవలెను, మ్రోగుపెట్టె మీట నొక్కునంతవరకు ఊరకుండవలెను. ఇద్దరికిని ఆహారము ఆ తీగయే. కావున కెమెరా, నిద్రించు పసిబిడ్డ ప్రక్కనుండి చప్పుడు కాకుండ నడచు తల్లివలె, మ్రోగుపెట్టె తీగచుట్టలోగుండ దాని యినుపకడ్డీని కదలింపజాలనంత స్వల్పప్రవాహమును మాత్రమే లాగికొనును. మీట నొక్కినప్పుడు అడ్డు తొలగించును. అప్పుడు నిండుప్రవాహము చుట్టలో పారి, కడ్డీ ఎగసి లోహపు పలకను కొట్టును. మన 230 వోల్టుల డింగ్ డాంగ్ పెట్టెకు ఈ యేర్పాటు పొసగదు గనుక అది గోడనుండి దిగివచ్చినది. దాని స్థానమున ఫోను మ్రోగును.

గుమ్మమునుండి మా వంటింటికి పట్టుమని నాలుగు బారల దూరము లేదు. పాతగంటకు ఆ మాత్రపు తీగయే చాలెడిది. క్రొత్తగంట కబురు గాలిలో రౌటరునకు చేరి, అచటినుండి ఏ నగరమునందో నున్న సర్వరునకు పోయి, ఆ సర్వరు అనుమతింపగా తిరిగివచ్చి, నా భార్య చేతనున్న ఫోనులో మ్రోగవలెను. రెండడుగుల రాతిగోడలను వైఫై యంత సులువుగా దాటలేదు. దానిలోను 5 గిగాహెర్ట్జుల తరంగము త్వరితగతి గలదే గాని గోడవద్ద చతికిలబడును, 2.4 గిగాహెర్ట్జుల తరంగము నిదానమైనను దాటును. కరెంటు పోయినచో గంట పోవును, రౌటరును పోవును. గాలివానల కాలమున ఈ రెంటిని ఇన్వర్టరుకు కలుపని యింట ఆ కెమెరా గోడకు అలంకారము మాత్రమే. వాస్తుశాస్త్రము తూర్పు గుమ్మము శ్రేష్ఠమనును. ఉదయసూర్యుడు ఎదుటనుండి కటకములో పడినచో వచ్చినవాని మొగము నల్లని నీడగా కనబడునని కెమెరావారు తూర్పును వద్దందురు. ఈ వివాదమును తీర్చుటకు సిద్ధాంతి ఇంకను పుట్టలేదు. మనుష్యుని కదలికను పసిగట్టు కన్ను నిజమునకు చూచునది వాని యొంటి వేడిని. చుట్టుప్రక్కల వేడికిని వాని వేడికిని గల భేదమే దానికి ఆధారము. మే నెల మధ్యాహ్నమున గచ్చు, గోడ, మనుష్యుడు ముగ్గురును ఇంచుమించు సమానముగా కాగియున్నప్పుడు అది తడబడుట దాని దోషము గాదు.

తీగల పని ముగిసినది. స్క్రూలు సగము బిగించి, మిస్త్రీ నా ఫోనులో చిత్రము చూచి, ఒక్క క్షణమాగి, "సార్, ఎదురింటి పర్దా దిక్కు సూటిగ పడ్తుంది. గాలికి లేస్తె లోపట కూడ కొడ్తది. జర కిందికి, జర పక్కకు వంచుతా" అనెను. నిజమే. మా వీధి యిరుకైనది. కెమెరా చూపు విశాలమైనది. ఎదురింటివారు తరతరములుగా ఏ మర్యాదకై గుమ్మమున గుడ్డ కట్టిరో, ఏ మర్యాదకై వారి యింటికి వచ్చినవారు ప్రక్కకు ఒదిగి నిలిచిరో, ఆ మర్యాదను మా గోడమీది బొత్తాము ఇరువదినాలుగు గంటలును అతిక్రమించి, దానిని చిత్రముగా దాచి యుంచును. వంపుగల ప్లాస్టికు ముక్క నొకదానిని గంట వెనుక నుంచి, మొగమును మా గచ్చువైపు దించి, ఇంకను చిత్రమునందు మిగిలిన వారి గుమ్మపు భాగమును యాప్‌లో నల్లని చతురస్రముతో మూసివేసితిమి. ఆ సౌకర్యము ఇట్టి గంటలు పెక్కింటిలో కలదు, వాడువారు అరుదు. తీగల పనికి పట్టిన కాలముకంటె ఈ కోణపు పనికి పట్టిన కాలమే యెక్కువ. పనిలో పనితనమన్నది ఆ యువకుని చేతిలో అచ్చటనే నాకు కనబడెను.

చట్టమేమి చెప్పునని కొందరడుగవచ్చును. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామిగారు వేసిన వ్యాజ్యములో 2017 ఆగస్టు 24వ తేదీన సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము గోప్యతను ప్రాథమిక హక్కుగా ఏకకంఠముతో ప్రకటించెను. ఐనను 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టము, వ్యక్తి తన సొంత యవసరమునకో గృహావసరమునకో చేసికొను పనిని తన పరిధినుండి మినహాయించినది. అనగా గుమ్మపు కెమెరా విషయమును శాసనకర్తలు ఇరుగుపొరుగు వారి సంస్కారమునకే విడిచిరి. ఇంగ్లండులోని ఆక్సుఫర్డు కౌంటీ న్యాయస్థానము 2021 అక్టోబరులో, గంట కెమెరాను తోడి కెమెరాలను అమర్చిన ఇంటివాడు పొరుగామెను వేధించుటయే గాక సమాచార రక్షణ నియమములను భంగపరచెనని తీర్పు చెప్పెను. చిత్రముకంటె దూరమునుండి శబ్దమును గ్రహించుట మరింత ఆక్షేపణీయమని ఆ న్యాయాధీశురాలు భావించుట గమనింపదగినది. బజారులలో జనము గుమిగూడు చోట్ల కెమెరాలుంచవలెనని మనకు 2013లోనే చట్టమైనది, 'నేను సైతం' పేరిట పోలీసులు వాడవాడలను ప్రోత్సహించిరి. అవి నాలుగు రోడ్ల కూడలి విషయములు. గడప కూడలి గాదు. పైగా ఆ చిత్రములను చూచువారము మనమే యనుకొనుటయు ఒక భ్రమ. ఇట్టి వీడియో గంటలను చేయు రింగ్ సంస్థ ఉద్యోగులు కొనుగోలుదారుల ఆంతరంగిక దృశ్యములను చూచిరన్న యభియోగముపై 2023లో ఆ సంస్థ అమెరికా ప్రభుత్వ వాణిజ్యసంఘముతో 58 లక్షల డాలర్లకు రాజీపడినది.

ఇంతలో మా గుమ్మమున క్రొత్త నాటకములు మొదలైనవి. ఒకనాడు కూరగాయలామె మీట నొక్కెను. నా భార్య పూజలో నుండుటచే ఫోను తీయలేదు, అదే గంట డల్లాసునందలి అమ్మాయి ఫోనులోను మ్రోగును గనుక, అక్కడ నిద్రకు ముందు మేలుకొనియున్న ఆమె బదులిచ్చెను: "అవ్వా, అమ్మ పూజల ఉన్నది, జర ఆగు." ముసలామె గోడను పైనుండి క్రిందివరకు చూచి, "నువ్వేడున్నవు బిడ్డా?" యనెను. అమెరికాలో అని అమ్మాయి చెప్పగా ఆమె, "గంత దూరంకెల్లి తలుపు దాంక వచ్చినవు గద, జర గొళ్లెం తియ్యరాదు?" అని యడిగెను. నేను లోపలినుండి విని నవ్వుకొంటిని గాని, ఈ యంత్రమును గూర్చి ఇంతకంటె సూక్ష్మమైన విమర్శను నేనెచ్చటను చదువలేదు. పార్సిలు తెచ్చు కుర్రవాండ్రు మాత్రము దానిని చూచి చెదరరు. వారు గంటను నొక్కక ఫోను చేయుదురు, పెట్టెను గచ్చుమీద నుంచి కెమెరాకు చూపి పోవుదురు. వారికిని మాకును మొగపరిచయమే లేదు.

గురువారపు ఫకీరు సంగతి వేరు. ఆయన ఎప్పటివలెనే గుమ్మమునకు ప్రక్కగా, గోడనానుకొని, తల వంచి నిలుచును. గంట ముట్టడు. ఆ కోణములో ఆయన కెమెరాకు చిక్కడు, వేడిని పసిగట్టు కన్నునకును అందడు. ఒక్కొక్కప్పుడు నెమలికుంచె కొసయో, పొగయో చిత్రమునందు కనబడి మాయమగును. మా వీధికి వచ్చువారిలోకెల్ల మర్యాద తెలిసిన మనిషియే ఆ యంత్రమునకు కనబడకుండుట చేత, గురువారమునాడు నా భార్య ఫోనును నమ్మక సాంబ్రాణి వాసననే నమ్మి, మోకాళ్లు పట్టుకొని లేచి పోవుచున్నది.

ఈ గంటను తీసివేయవలెనని నేను చెప్పను. మా గోడనుండి తీసివేయలేదు కూడ. అది వృద్ధులకు ఊతము, ఒంటరి స్త్రీకి ధైర్యము. కాని మునుపు పరునిదైన వస్తువును మనము మనది చేసికొన్నప్పుడు, దానికి బదులుగా వానికి మనమేమైన ఈయవలసి యుండును గదా. ఇట్టి గంటను బిగింపదలచిన పాఠకులకు నా విన్నపమిది. తీగకు 230 వోల్టులు తగలనీయకుడు. శబ్దమును గ్రహించి నిలువచేయు సౌకర్యమును ఆపివేయుడు. కెమెరా యున్నదని వచ్చినవారికి తెలియునట్లు గుమ్మమున రెండు మాటలు వ్రాసి పెట్టుడు. దానిలో మొగము చూచిన పిమ్మట, మీ కాళ్లలో బలమున్నంతవరకు, లేచి తలుపు తీయుడు. అన్నిటికంటె ముందుగా, చివరి స్క్రూ బిగించుటకు పూర్వమే, ఫోను పట్టుకొని వీధి దాటి ఎదురింటికి పోయి, వారి గుమ్మమునకు ప్రక్కగా నిలిచి పిలిచి, వారు బయటికి వచ్చిన పిమ్మట ఆ చిత్రమును వారికి చూపి, ఎంతమేరకు వంచవలెనో వారినే అడుగుడు.